ఐర్లండ్‌లో పూర్వీకుల ఇల్లు: 1922లో అన్నీ కాలిపోలేదు

ఐర్లండ్‌లో మోటార్‌హోమ్ తీసుకుని తాతముత్తాతల ఊళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లకి రూట్ వేసివ్వడం నా పని. దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఒకటే మాట: "రికార్డులన్నీ కాలిపోయాయట కదండీ, ఊళ్లోకెళ్లి అడగడమేగా!"

ఎవరు పుట్టించారో గానీ, దీన్ని నమ్మి వారం అద్దె, డీజిల్ వృథా చేసుకున్నవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన మూడో రోజున, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల్లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు, వీలునామాలు చాలావరకు పోయాయి, చర్చ్ ఆఫ్ ఐర్లండ్ (ప్రొటెస్టెంట్ చర్చి) రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. అంతవరకే నిజం. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాసిన కాథలిక్ రిజిస్టర్లు ఆ ఆఫీసుకి వెళ్లనే లేదు, ఏ పారిష్‌వి (ఒక చర్చి కిందుండే ప్రాంతం) ఆ పారిష్‌లోనే ఉండిపోయాయి. నేషనల్ లైబ్రరీ 2015లో వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 1864 నుంచి జనన, వివాహ, మరణ నమోదులున్నాయి. 1901, 1911 జనాభా లెక్కలున్నాయి. 1847-64 నాటి గ్రిఫిత్స్ వాల్యుయేషన్‌లో (పన్ను కోసం భూములకి, ఇళ్లకి కట్టిన విలువల జాబితా) ఏ నేల ముక్క ఎవరి కౌలులో ఉండేదో మ్యాపుతో సహా దొరుకుతుంది.

మీరు వెతకాల్సింది టౌన్‌ల్యాండ్ పేరు, అంటే అక్కడి భూవిభాగాల్లో అన్నిటికంటే చిన్నది. కౌంటీ పేరు ఒక్కటే పట్టుకుని బయల్దేరకండి. దేశంలో టౌన్‌ల్యాండ్‌లు 60 వేల పైనే, ఒకే పేరుతో చాలా ఉంటాయి. అందుకే పారిష్ పేరు కూడా తెలియాలి.

ఆమధ్య అమెరికా నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. కోడలి వాళ్ల ముత్తాతది మేయో కౌంటీ. రెండు రోజులు పబ్బుల్లో ఆ ఇంటిపేరు అడుగుతూ తిరిగారు, ఆ పేరు వాళ్లు మేయోలో వీధికొకరు. మూడో రాత్రి అత్తగారు ఫోన్ చేశారు. "పిల్ల ఏడుస్తోంది బాబూ, ఏదైనా దారి చెప్పు." వాళ్ల దగ్గరున్న పెళ్లి సర్టిఫికెట్‌లో టౌన్‌ల్యాండ్ పేరు రాసే ఉంది, ఎవరూ చూసుకోలేదు. దాంతో 1911 జనాభా లెక్కల ఫారం తీశాం. పుట్టిన పిల్లలు 8, బతికున్నవాళ్లు 5. ఇంటి యజమాని సంతకం దగ్గర, రాయడం రానివాళ్లు పెట్టే ఇంటూ గుర్తు. ఇళ్ల వివరాల ఫారంలో గడ్డి కప్పు, ముందు కిటికీలు 2. ఆ అమ్మాయి చాలాసేపు ఆ ఇంటూ గుర్తునే చూస్తూ కూర్చుందట.

ఇక్కడ ఇంకో పొరపాటు చేస్తారు. ఆ ఫారంలోని ఇంటి నంబరు లెక్క రాసినవాళ్లు వేసుకున్నది, మ్యాపులో వెతికితే దొరకదు. గ్రిఫిత్స్ మ్యాపు నంబరు నుంచి, డబ్లిన్‌లో ఉన్న రివిజన్ పుస్తకాల్లో (ఆ వాల్యుయేషన్‌కి తర్వాత చేసిన సవరణలు) కౌలుదారు పేరు మారుతూ వచ్చిన వరస పట్టుకోవాలి.

మిగతావి గబగబా చెప్తాను. అమెరికాకి వలస వచ్చినవాళ్లని న్యూయార్క్ దగ్గర తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు ఇంటిపేర్లు మార్చేశారంటారు, మార్చలేదు, ఓడ జాబితాలో ఉన్న పేర్లతోనే సరిచూసేవాళ్లు. బండి ఎక్కడ పడితే అక్కడ ఆపుకుని పడుకోవచ్చనేది తప్పు, స్థలం యజమానిని అడగాలి. పల్లె రోడ్లమీద 2025 ఫిబ్రవరి నుంచి మామూలు పరిమితి గంటకి 60 కిలోమీటర్లు. అలాగని 60లో వెళ్లాలని కాదు, మధ్యలో గడ్డి మొలిచిన దారిలో 20 కూడా ఎక్కువే. ఎడమవైపు డ్రైవింగ్ గురించి టెన్షన్ పడేవాళ్లు మొదటి రాత్రి ఎయిర్‌పోర్ట్ దగ్గరే నిద్రపోయి తెల్లారాక బయల్దేరండి. కొమ్మలు తగిలి బండి పైకప్పు చిరిగితే చాలా ఇన్సూరెన్సులు వర్తించవు. చివరి కిలోమీటరు నడవండి.

ఆ కుటుంబం కూడా నడిచే వెళ్లింది. గేటు దగ్గర రైతుని అడిగితే, ఇల్లు ఉందన్నాడు. పైకప్పు లేదు, లోపల నడుమెత్తు నెటిల్ మొక్కలు (ముట్టుకుంటే మంట పుట్టిస్తాయి), ముందుగోడకి రెండు కిటికీ కంతలు. ఆ పొలాన్ని ఇప్పటికీ కోడలి ముత్తాత ఇంటిపేరుతోనే పిలుస్తామని చెప్పాడు.