సర్వేకి నిజం చెబితే తెల్లకార్డు పోతుందా?

ట్యాబ్ తెరవకముందే వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఇవన్నీ రాసుకుంటే కార్డు తీసేస్తారా?" పదిహేనేళ్లుగా పేదరికం మీద పరిశోధనల కోసం రెండు రాష్ట్రాల్లోనూ ఇంటింటి సర్వేలు చేయిస్తున్నాను. ఈ ప్రశ్న అడగని ఊరు లేదు. ఈమధ్య ఒక ఊళ్లో "సర్వే వాళ్లకి ఫ్రిజ్ ఉందని చెప్పకండి" అని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మర్నాడు ఒక ఇంట్లో ఫ్రిజ్ లేదని చెబుతున్నంతసేపూ లోపలి గదిలోంచి దాని మోత వినిపిస్తూనే ఉంది. ఆ ఇల్లాలి మొహంలో టెన్షన్ చూసి మా సర్వే అమ్మాయి ఆ ప్రశ్న వదిలేసి ముందుకెళ్లింది. ఆవిడ తప్పేం లేదు. ఆ మెసేజ్ పెట్టినవాళ్ల మీదే నా కోపం.

అపోహ: ఉన్నది ఉన్నట్టు చెబితే రేషన్, పింఛను పోతాయి.

వాస్తవం: శాంపిల్ సర్వేతో ఎవరి కార్డూ పోదు. పోయే దారే లేదు. 2022-23లో కేంద్రం చేసిన గృహ వినియోగ వ్యయ సర్వేనే తీసుకోండి. దేశమంతా కలిపి అడిగింది 2,61,746 ఇళ్లని. వెయ్యి ఇళ్లకి ఒక్కటి కూడా పడదు. అంత కొద్దిమందిని అడిగి కార్డులు ఏరేయడం కుదిరే పనేనా? అందులోంచి బయటికొచ్చేది మీ పేరు కాదు, ఒక సగటు. పల్లెల్లో మనిషికి నెలకి ఆంధ్రప్రదేశ్‌లో 4,870 రూపాయలు, తెలంగాణలో 4,802 రూపాయలు ఖర్చవుతోందని, అంతే.

మరి ఈ భయం ఎక్కడిది? ఊరికే పుట్టలేదు. మన దగ్గర రెండు రకాల పనుల్నీ సర్వే అనే పిలుస్తారు. ఒకటి శాంపిల్, అంటే కొన్ని ఇళ్లనే ఎంచుకుని అడిగేది. రెండోది జాబితా, అంటే ఇంటింటికీ వెళ్లి పేర్లతో సహా రాసుకునేది. 2011 సామాజిక ఆర్థిక కుల గణన జాబితా. ఆ వివరాలు పథకాలకి వాడతామని ప్రభుత్వం ముందే చెప్పింది. తర్వాత ఇళ్ల పథకానికి, ఆయుష్మాన్ భారత్‌కి లబ్ధిదారుల్ని అందులోంచే తీసింది. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే గుర్తుందా? ఆ రోజు ఇంట్లో లేకపోతే పేరు పోతుందన్న భయంతో బొంబాయి, భీవండి నుంచి వలస కూలీలు బస్సుల్లో నిలబడి ఊళ్లకొచ్చారు. అదంతా చూసినవాళ్లకి ఏ సర్వే అన్నా గుండె దడే. (కొందరైతే భూమి సర్వే అనుకుని పాస్‌బుక్ కూడా తెచ్చి చూపిస్తారు.)

కాబట్టి తలుపు దగ్గరే అడగండి: "ఇది పథకాల జాబితా కోసమా, పరిశోధన కోసమా? మీది ఏ సంస్థ? మా పేరు ఎవరికిస్తారు?" చెప్పాల్సిన బాధ్యత మాది. మా సర్వేల్లో ముందు అంగీకార పత్రం చదివి వినిపించాలి. వద్దంటే వద్దు, మధ్యలో లేచి వెళ్లిపోయినా ఏమీ అనం. జనగణన సంగతి వేరు, అక్కడ జవాబు చెప్పాలి. కానీ 1948 నాటి చట్టం 15వ సెక్షన్ ఆ వివరాల్ని గోప్యంగా ఉంచుతుంది. ఓటీపీ అడిగితే మాత్రం అక్కడే ఆపేయండి. ఏ పరిశోధనకీ మీ ఓటీపీతో పని లేదు.

దాచితే పోయేది ఏమిటో ఒక అవ్వ దగ్గర తెలుసుకున్నాను. పాలమూరు వైపు ఊరు. "నాకెవ్వరు లేరు బిడ్డా, ఒక్కదాన్నే" అంది. మనుషుల పట్టికలో ఒక్క పేరే రాశాను. బియ్యం, పప్పు, నూనె అడుగుతూ ఉంటే కొంగు ముడిలో ఫోన్ మోగింది. పుణెలో తాపీ పని చేసే కొడుకు. ఆమె ఎత్తలేదు. ఫోన్ గుప్పిట్లో పట్టుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. చెయ్యి వణుకుతోంది. "ఎత్తు అవ్వా, మాట్లాడు" అని ట్యాబ్ మూసి పక్కన పెట్టాను. మాట్లాడాక మెల్లగా అడిగింది, "పింఛన్ పోతదా?" పోదని చెప్పాను. అప్పుడు చెప్పింది అసలు లెక్క: మోకాలి ఆపరేషన్‌కి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, అది తీర్చడానికే కొడుకు, కోడలు పోయారు, మనవడి చదువు ఆగిపోయింది.

ఫోన్ మోగకపోతే ఆ ఇల్లు మా లెక్కలో ఏమయ్యేది? వలస లేదు, అప్పు లేదు, బడి మానిన పిల్లాడూ లేడు. ఒక్కో శాంపిల్ ఇల్లు కొన్ని వందల ఇళ్ల తరఫున మాట్లాడుతుంది. అలాంటివి పది దాగితే, ఆ జిల్లాలో వలస తగ్గిందని రిపోర్టు వస్తుంది. వలస పిల్లలకి సీజనల్ హాస్టల్ (అమ్మానాన్నలు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఉండి చదువుకునేది) కావాలని అడిగేవాళ్ల చేతిలో అప్పుడు కాగితమే ఉండదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"పేదోళ్లమని రాస్తే ఇల్లు వస్తుంది." రాదు. కార్డు తీయలేని సర్వే ఇల్లు ఇవ్వనూ లేదు.

"మా ఇల్లే ఎందుకు? సర్పంచి చెప్పాడా?" లేదు. చీటీ తీసినట్టు వచ్చింది. అందుకే పక్కింటివాళ్లు సరదాపడినా వాళ్లని అడగలేం.

"పేదవాడి చేతికి డబ్బిస్తే తాగేస్తాడు." ఇది ఊళ్లో వాళ్లు అనరు, పట్నంలో మీటింగుల్లో వింటాను. లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియా దేశాల నగదు పథకాల మీద వచ్చిన అధ్యయనాల్ని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో ఒకచోట పెట్టి చూశారు. మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు తేలలేదు.

ఆ అవ్వ ఫారం మళ్లీ మొదటి పేజీ నుంచి నింపాను. మనుషుల పట్టికలో నాలుగు పేర్లొచ్చాయి. మనవడి వయసు తనకి తెలియదని కొడుక్కి తనే ఫోన్ చేసి కనుక్కుంది.