జుట్టు సీరం, పెప్టైడ్లు, మన పెంపుడు కుక్కలు, పిల్లులు: అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, నేను వాడే పెప్టైడ్ సీరమే మా పాపకి కూడా రాయొచ్చా?" పాప అంటే వాళ్ళ పొమెరేనియన్ కుక్క. పెప్టైడ్ అంటే ప్రోటీన్‌లో చిన్న ముక్కలాంటిది, జుట్టు మొలుస్తుందని సీరంలలో కలిపి అమ్ముతున్నారు. ఈ వారంలో ఇలా అడగడం ఇది మూడోసారి, అందుకే రాస్తున్నా.

అపోహ: మనకి పడిందంటే వాటికీ పడుతుంది.

ప్రాణాలు తీసేది ఇదే. ముందు సీసా తిప్పి వెనకాల చదవండి. ముందువైపు పెప్టైడ్, రెడెన్సిల్ (జుట్టు సీరంలలో కలిపే ఒక పదార్థం) అని పెద్ద అక్షరాలు ఉంటాయి, కొన్నిటిలో వెనకాల చిన్న అక్షరాల్లో మినాక్సిడిల్ 5% అని ఉంటుంది. మినాక్సిడిల్ అసలు బీపీ మాత్రగా వచ్చిన మందు, రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, తలకి రాసుకోడానికి అమెరికాలో 1988లో పర్మిషన్ ఇచ్చారు. అదే మందు పిల్లి ఒంట్లోకి కొన్ని చుక్కలు పోయినా బీపీ పడిపోయి, గుండె విపరీతంగా కొట్టుకుని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరొచ్చు. విరుగుడు లేదు. కుక్కలకీ ప్రమాదమే.

ఇలా జరగడానికి దాని ఒంటికి రాయనక్కర్లేదు కూడా. ఒకావిడ రోజూ రాత్రి తలకి రాసుకుని పడుకునేది, పిల్లి ఆవిడ దిండు మీదే పడుకుని జుట్టు నాకేది. పొద్దున్నే నోరు తెరుచుకుని ఎగశ్వాసతో ఉన్నదాన్ని తువ్వాల్లో చుట్టుకొచ్చింది, "నేను దానికి రాయలేదండీ, నా తలకే రాసుకున్నా" అని అదే మాట మళ్ళీ మళ్ళీ. ఆక్సిజన్ పెట్టాం, నీరు తగ్గడానికి ఇంజెక్షన్లు చేశాం, రెండోరోజు పోయింది. ఆవిడ తప్పేం లేదు, ఆ సీసా అమ్మినవాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు.

అపోహ: మినాక్సిడిల్ లేని ఉత్త పెప్టైడ్ అయితే బొచ్చు మొలుస్తుంది.

ఎందుకు ఊడిందో తెలియకుండా ఏం మొలిపిస్తామండీ? గోమార్లు, తామర, అలర్జీ, థైరాయిడ్, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు, ఏదైనా కావచ్చు. పొమెరేనియన్‌కి ఎండాకాలం అని మెషిన్‌తో నున్నగా గీయిస్తే ఒక్కోసారి ఏడాది దాకా బొచ్చు రాదు. మొన్న ఒక లాబ్రడార్‌కి రెండు నెలలపాటు నీలం రంగు కాపర్ పెప్టైడ్ రాసి తెచ్చారు, చర్మం పైపైన గీకి (స్క్రేపింగ్) మైక్రోస్కోప్ కింద పెడితే చుట్ట ఆకారంలో, ముందువైపు ఎనిమిది పొట్టి కాళ్ళతో డెమోడెక్స్ పురుగులు కుప్పలుగా ఉన్నాయి. దానికి మాత్రలున్నాయి, వేస్తే తగ్గుతుంది. ఆ రెండు నెలలూ అది గోక్కుంటూనే ఉంది పాపం.

అపోహ: పెప్టైడ్ అంటే అంతా మోసం.

అదీ కాదు. కాపర్ పెప్టైడ్‌లో ఉండే జీహెచ్‌కే అనే పెప్టైడ్‌ని 1973లో మనిషి రక్తంలోనే కనిపెట్టారు, గాయాలు మానడంలో, చర్మంలో దాని పని మీద పరిశోధన ఉంది. కానీ జుట్టు మొలిపించే మందుగా దానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదు. మనుషుల్లో కూడా డెంగ్యూ వచ్చాకో, కాన్పు అయ్యాకో రెండు మూడు నెలలకి జుట్టు ఊడి చాలామందికి దానంతటదే వస్తుంది, పేరు మాత్రం సీరంకి పోతుంది. కంగారుపడకుండా స్కిన్ డాక్టర్‌కి చూపించుకుని ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ టెస్ట్ చేయించుకోండి.

మినాక్సిడిల్ వాడుతుంటే రాసిన చేతులు కడుక్కోండి, దిండు గలీబు మార్చండి, పిల్లిని వేరే గదిలో పడుకోబెట్టండి. దాని ఒంటి మీద పడితే గిన్నెలు తోమే లిక్విడ్‌తో వెంటనే కడగండి, నాకినా పడినా లక్షణాల కోసం ఆగకుండా సీసా పట్టుకుని బయల్దేరండి. ఇప్పటికే ఆయాసపడుతుంటే స్నానం చేయించొద్దు, నేరుగా తీసుకొచ్చేయండి, ఏ అర్ధరాత్రయినా సరే.