తుప్పు కాదు, టైము తప్పిన గడియారం

1967 మార్చి 22న జోరా ఫాలీని ఏడో రౌండ్‌లో పడగొట్టినప్పుడు ముహమ్మద్ అలీ బరువు దాదాపు 96 కిలోలు. సైన్యంలో చేరనన్నందుకు బరికి దూరమై, 43 నెలల తర్వాత 1970 అక్టోబర్ 26న అట్లాంటాలో జెర్రీ క్వారీ ముందు నిలబడ్డప్పుడు దాదాపు 97. వయసు 28. కాటా మాట నమ్మితే మనిషి ఉన్నట్టే ఉన్నాడు. క్వారీ కనుబొమ చిట్లడంతో మూడు రౌండ్లకే గెలిచాడు కూడా. "మరి నాలుగున్నర నెలలు తిరిగేసరికి అలీని ఓడించిన జో ఫ్రేజియర్ లెఫ్ట్ హుక్కులు (ఎడమ చెయ్యి వంచి పక్కనుంచి కొట్టే గుద్దులు) అన్నేసి ఎలా తగిలాయి? అలీలో వేగం పోయిందా?" అని ఒక పాఠకుడు అడిగారు.  

ముందు ఊపిరి సంగతి తేల్చేద్దాం. సాధన ఆపిన కొద్ది రోజులకే రక్తంలో ప్లాస్మా తగ్గుతుంది, గుండె ఒక్కో దెబ్బకు నెట్టే రక్తమూ తగ్గుతుంది. బాగా తర్ఫీదు పొందినవాళ్లలో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం మూడు వారాల్లో 7 శాతం, పన్నెండు వారాల్లో 16 శాతం దాకా పడిపోయినట్టు 1980ల్లోనే కొలిచారు. అయితే ఇది చాలావరకు తిరిగొచ్చే సొత్తు. కొన్ని నెలలు ఒళ్లు వంచి పరిగెడితే వస్తుంది. బలం ఇంకా మొండిది, అన్నిటికన్నా చివర పోతుంది. అందుకే తిరిగొచ్చిన బాక్సర్ బరువైన సంచిని దడదడలాడిస్తున్న వీడియో చూసి "పాత మనిషే" అని తీర్పు చెప్పకూడదు. సంచి కదిలి తప్పుకోదు, తిరిగి కొట్టదు.

అసలు కథ గుద్దుకు పట్టే సమయంలో ఉంది. బ్రిటన్‌లో హెవీవెయిట్ బాక్సర్ ఫ్రాంక్ బ్రూనో గుద్దును పరికరాలతో కొలిచి 1985లో ఫలితాలు ప్రచురించారు. పిడికిలి బయల్దేరిన పదో వంతు సెకనులో, సెకనుకు 8.9 మీటర్ల వేగంతో వచ్చి తగిలింది. తగిలాక 14 మిల్లీసెకన్లలో బలం 4,096 న్యూటన్లకు చేరింది. ఆరు కిలోల కర్ర సుత్తికి మెత్త కట్టి, గంటకు 32 కిలోమీటర్ల వేగంతో విసిరితే ఎలా ఉంటుందో అలా.

ఇప్పుడు ఎదుటివాడి వైపు నుంచి చూడండి. కన్ను చూసి, మెదడు తెలుసుకుని, కండరం కదలడానికి సుమారు 200 మిల్లీసెకన్లు కావాలి. ఎటు కదలాలో ఎంచుకోవాల్సి వస్తే ఇంకా ఎక్కువ. గుద్దుకు పట్టేది వంద. అంటే పిడికిలిని చూసి తప్పుకోవడం మానవమాత్రుడి వల్ల కాదు. బడిలో ప్రతీకార చర్య (రిఫ్లెక్స్) పాఠం చెప్పేటప్పుడు వేడి గిన్నె తాకి చెయ్యి లాక్కున్న బొమ్మ వేస్తాం. దాంతో పిల్లలు వేగంగా జరిగేదంతా ప్రతీకార చర్యే అనుకుని పెద్దవాళ్లవుతారు. గిన్నె ముందు కాలుతుంది, తర్వాత చెయ్యి కదులుతుంది. బాక్సర్‌కు ఆ వరస పనికిరాదు. ఎదుటివాడి భుజం, తుంటి, ముందు పాదం మీదికి జారే బరువు చూసి, ఇంకా రాని గుద్దును ఊహించి తన తలను ముందే పక్కకు తప్పిస్తాడు.

ఈ ఊహ ఎంత సన్నటి దారం మీద నడుస్తుందో లెక్క వేస్తే తెలుస్తుంది. సెకనుకు 8.9 మీటర్లంటే మిల్లీసెకనుకు దాదాపు 9 మిల్లీమీటర్లు. పది మిల్లీసెకన్లు ఆలస్యమైతే పిడికిలి 9 సెంటీమీటర్లు దగ్గరకు వచ్చేసినట్టే. 1960ల అలీ చేతులు కిందికి వదిలేసి, గుద్దు వస్తుంటే తల వెనక్కి లాగి అంగుళం ఎడంతో తప్పించుకునేవాడు. అంగుళం అంటే మూడు మిల్లీసెకన్లు.

విరామం తర్వాత ఈ ఊహ గురి తప్పడాన్నే రింగ్ రస్ట్ (బరి తుప్పు) అంటారు. నా దృష్టిలో పేరే తప్పు. తుప్పు లోహాన్ని తినేస్తుంది. ఇక్కడ జరిగేది ఆగిపోయిన గోడ గడియారానికి మళ్లీ కీ ఇవ్వడం లాంటిది. ముల్లు సరైన వేగంతోనే తిరుగుతుంది, చూపించే టైమే తప్పు. సరిచేయాలంటే సరైన టైము తెలిసిన మరో గడియారం కావాలి. బాక్సర్‌కు ఆ గడియారం నిజంగా కొట్టాలని వచ్చిన ప్రత్యర్థి. స్పారింగ్ (జతగాడితో సాధన పోటీ) సగమే పనిచేస్తుంది. అక్కడ గ్లౌజు సాధారణంగా 16 ఔన్సులు, ఇప్పటి హెవీవెయిట్ పోటీలో 10. తలకు రక్షణ కవచం. లావు గ్లౌజుతో, లావు తలతో నేర్చుకున్న దూరం అసలు పోటీలో సెంటీమీటర్ల తేడా చూపిస్తుంది. పైగా ఎదుటివాడు మన జీతగాడు. బలహీనమైన ప్రత్యర్థి సంగతి చెప్పక్కర్లేదు, అతనూ ఆగిపోయిన గడియారమే.

మైక్ టైసన్ 1995 ఆగస్టు 19న, నాలుగేళ్లకు పైగా విరామం తర్వాత, పీటర్ మెక్‌నీలీని 89 సెకన్లలో ముగించాడు. తర్వాత బస్టర్ మాథిస్ జూనియర్, ఇదే ఫ్రాంక్ బ్రూనో, బ్రూస్ సెల్డన్. నాలుగు పోటీలూ కలిపితే 20 నిమిషాలు నిండలేదు. వీటిలో గమనించాల్సింది మాథిస్‌తో మొదటి రెండు రౌండ్లు. టైసన్ గుద్దులు వరసగా గాల్లోకి పోయాయి. మూడో రౌండ్ అప్పర్‌కట్ (కింది నుంచి పైకి కొట్టే గుద్దు) దాన్ని కప్పేసింది, పత్రికలకు ఆ అప్పర్‌కట్టే కావాలి. 1996 నవంబర్ 9న ఎవాండర్ హోలీఫీల్డ్ టైసన్‌ను 11వ రౌండ్ దాకా లాగి, పోటీ ఆపించి గెలిచాడు.

టీవీ దృశ్యంలో సెకనుకు 30 ఫ్రేములనుకుంటే ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. మొత్తం గుద్దే మూడు ఫ్రేములు! ఆ ఫ్రేముల్ని ఎంత నెమ్మదిగా తిప్పి చూసినా మూడు మిల్లీసెకన్ల తేడా కనబడదు. దాని పర్యవసానాలే లెక్కపెట్టాలి. తప్పిన గుద్దు ఎలా తప్పింది? చేరకుండా ఆగిపోతే దూరం అంచనా పోయింది. తల ఇందాక ఉన్నచోటికి సూటిగా వెళ్తే సమయం అంచనా పోయింది. జాబ్ (ముందు చేత్తో సూటిగా కొట్టే గుద్దు) వేశాక చెయ్యి చెంప దగ్గరికి తిరిగొస్తోందా, నడుము మీదుగా కిందికి జారి వస్తోందా? ఎదుటివాడి గుద్దు తప్పించాక వెంటనే తిరిగి కొడుతున్నాడా? తప్పించడంతోనే ఊపిరి పీల్చుకుంటున్నాడంటే ఊహ ఇంకా కుదురుకోలేదు. క్లించ్‌లోకి (గుద్దులు ఆపడానికి ఎదుటివాణ్ని వాటేసుకునే పట్టులోకి) ముందు ఎవరు దూరుతున్నారో కూడా రాసుకోండి.

ఇవన్నీ రౌండు వారీగా రాసుకుంటే అసలు పరీక్ష బయటపడుతుంది. టైము తప్పిన గడియారం రౌండ్లు గడిచేకొద్దీ సర్దుకుంటుంది. వయసు మీద పడితే స్ప్రింగే సడలుతుంది. పొద్దున సరిచేస్తే సాయంత్రానికి మళ్లీ వెనకబడుతుంది. క్వారీ పోటీ ఈ సూత్రానికి లొంగదు. అలీ మొదటి రౌండ్‌లో మెరిసి, తర్వాత మందగించాడు. అది ఉత్సాహమో, ఊపిరో, మూడు రౌండ్లలో ఎవరూ తేల్చలేరు. డిసెంబర్ 7న ఆస్కార్ బొనవేనాతో పోటీ చూడటానికి విసుగే, సమాచారం మాత్రం ఎక్కువ. పద్నాలుగు రౌండ్లు ఈడ్చి, పదిహేనో రౌండ్‌లో లెఫ్ట్ హుక్‌తో మొదలుపెట్టి మూడుసార్లు పడగొట్టాడు. స్ప్రింగ్ గట్టిదే, టైమే కుదరలేదు. ఫ్రేజియర్ పోటీ మూడు నెలల్లోనే వచ్చింది, 1971 మార్చి 8న. పదిహేనో రౌండ్‌లో ఫ్రేజియర్ లెఫ్ట్ హుక్‌కు అలీ కూలి, వెంటనే లేచాడు.

2018లో టైసన్ ఫ్యూరీ తిరిగొచ్చినప్పుడు తనకన్నా 30 కిలోలు తేలికైన సెఫర్ సెఫెరీతో మొదటి పోటీ నవ్వులాటే. రెండోదాంట్లో పియనెటాతో పది రౌండ్లూ ఆడి పాయింట్ల మీద గెలిస్తే నాకౌట్ చేయలేకపోయాడని పెదవి విరిచారు. గడియారం సరిచేసుకోవడానికి అతనికి కావాల్సింది ఆ పది రౌండ్లే. జార్జ్ ఫోర్‌మన్ దారి వేరు. పదేళ్ల తర్వాత 38 ఏళ్ల వయసులో వచ్చి, తప్పించుకోవడమే మానేశాడు. చేతులు అడ్డంగా మడిచి గుద్దుల్ని వాటి మీదే ఆపుకున్నాడు. 1994లో 45 ఏళ్లకు మైకేల్ మూరర్‌ను పదో రౌండ్‌లో పడగొట్టేదాకా, ముగ్గురు జడ్జీల లెక్కలోనూ వెనకబడే ఉన్నాడు.

అలీకి రెండో విరామం కూడా ఉంది. 1978 సెప్టెంబర్ తర్వాత రెండేళ్లు ఆగి, 1980 అక్టోబర్ 2న లాస్ వేగాస్‌లో ల్యారీ హోమ్స్ ముందుకొచ్చాడు. 38 ఏళ్లు. థైరాయిడ్ మందు కూడా వాడి బరువు తగ్గించాడు. కాటా దాదాపు 98.7 కిలోలు చూపింది, 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను ఓడించిన నాటికన్నా అరకిలో ఎక్కువ. జుట్టు నల్లగా, నడుము సన్నగా ఉంది, చూసినవాళ్లు మురిసిపోయారు. పది రౌండ్లలో ఒక్కటీ ఏ జడ్జీ అతనికివ్వలేదు. పదకొండో రౌండ్‌కు శిక్షకుడు ఏంజెలో డండీ పంపలేదు. హోమ్స్ ఒకప్పుడు డీర్ లేక్‌లోని అలీ శిక్షణ శిబిరంలో అతనికి స్పారింగ్ జతగాడు. ఆ గడియారం ఎంత వెనకబడిందో మొదటి రౌండ్‌కే అతనికి తెలిసిపోయి ఉంటుంది.