గూఢచారి కిశోర నవల: రాసేవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్. పదహారేళ్ల అమ్మాయి. చేతిలో సూట్‌కేసు, అందులో వైర్‌లెస్ సెట్. రెండో ప్రపంచ యుద్ధం మీద కిశోర నవల రాయబోయేవాళ్ల మనసులో మెదిలే బొమ్మ చాలావరకు ఇదే. బొమ్మ బాగానే ఉంది. ఆ సూట్‌కేసు ఎంత బరువో రాసేవాళ్లకు తెలియకపోతేనే కథ జారిపోతుంది.

అపోహ: సెట్ పట్టుకుని పరిగెత్తొచ్చు, అటక మీద కూర్చుని గంటసేపు సందేశాలు పంపొచ్చు.

వాస్తవం: బ్రిటన్ రహస్య సంస్థ ఎస్‌ఓఈ తన ఏజెంట్లకిచ్చిన బి2 సెట్ పెట్టెతో కలిపి దాదాపు 15 కిలోలు. నాలుగు జతల బట్టలున్న పెట్టెలాగా దాన్ని తేలిగ్గా మోస్తున్నట్టు నటించాలి. భుజం ఓ పక్కకి ఒరిగిందా, స్టేషన్లో తనిఖీ చేసేవాడి చూపు అటే పడుతుంది. గది చేరాక సుమారు 20 మీటర్ల ఏరియల్ తీగను ఎవరి కంటా పడకుండా కట్టాలి. ఫ్రీక్వెన్సీని నిర్ణయించేది క్వార్ట్జ్ క్రిస్టల్. అది జారి పగిలితే ఆ ఫ్రీక్వెన్సీ ఇక లేనట్టే.

గంటసేపు పంపడం గురించి చెప్పనే అక్కర్లేదు. సిగ్నల్ ఎటునుంచి వస్తోందో పసిగట్టే వ్యాన్లు జర్మన్ల దగ్గరుండేవి. చివర్లో, కోటు కింద రిసీవర్ దాచుకున్న మనుషులు నడిచి వెతికేవారు. ఇంకో ఎత్తు కూడా వేసేవారు: ఒక్కో పేటకీ కరెంటు తీసేసి, సిగ్నల్ ఎప్పుడు ఆగుతుందా అని వినేవారు. మంచి సన్నివేశం ఇక్కడుంది. టేబుల్ మీద బల్బు టక్కున ఆరిపోతుంది. సెట్ ఇంటి కరెంటు మీద నడుస్తుంటే పేట దొరికిపోయినట్టే. కారు బ్యాటరీ మీద నడుస్తుంటే సిగ్నల్ ఆగదు, పైగా ఆరిన బల్బే ఆమెకు హెచ్చరిక. వెంబడింపు రాసేముందు ఈ బల్బు రాయండి.

అపోహ: సంకేతలిపి మేధావుల ఆట.

వాస్తవం: అది ఓపిక పని. తొలినాళ్లలో ఏజెంటు ఒక పద్యం కంఠస్థం చేసి, అందులోంచి ఐదు మాటలు ఎంచుకునేవాడు. ఆ మాటల్లోని అక్షరాలకు అకారాది క్రమంలో అంకెలు వేసేవాడు. పారిస్ అన్న ఒక్క మాటే తీసుకోండి: ఇంగ్లీషు అక్షరాలు పి, ఎ, ఆర్, ఐ, ఎస్. క్రమం చూస్తే ఎ 1, ఐ 2, పి 3, ఆర్ 4, ఎస్ 5. కాబట్టి 3-1-4-2-5. ఆ అంకెల కింద సందేశాన్ని గళ్లలో నింపి, 1వ నిలువు వరుస ముందు, 2వది తర్వాత, అలా ఎత్తి రాయాలి. అదంతా మళ్లీ ఇంకోసారి. చలిలో, భయంలో ఒక్క అక్షరం ఎగిరిపోతే లండన్‌లో ఎవరికీ అర్థం కాదు. మళ్లీ పంపమంటారు. మళ్లీ పంపడమంటే వ్యాన్లకు మరికాస్త సమయం ఇవ్వడం. ఒక అక్షరదోషం నుంచి అరెస్టు దాకా కథ తనంతట తాను నడుస్తుంది. ఇంతకన్నా ప్లాట్ ఏం కావాలి?

తర్వాత ఎస్‌ఓఈ సంకేతలిపి విభాగం చూసిన లియో మార్క్స్, పద్యం బదులు వాడే అంకెల వరుసల్ని పట్టుగుడ్డ మీద అచ్చువేయించాడు. వాడిన ముక్కను కత్తిరించి కాల్చేయాలి. పద్యాన్ని చిత్రహింసలు పెట్టి కక్కించొచ్చు, గుర్తుపెట్టుకోని అంకెల్ని కక్కించలేరు. పట్టుగుడ్డే ఎందుకంటే, లైనింగులో కుట్టుకుంటే తడిమినా కాగితంలా చప్పుడు చేయదు.

అపోహ: ఆపరేటర్ పట్టుబడితే లండన్‌కి వెంటనే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియడానికి ఏర్పాటైతే ఉంది. ముందే అనుకున్న చోట కావాలని ఒక తప్పు అక్షరం పంపాలి. అది లేకపోతే ఏజెంటు శత్రువు చేతిలో ఉన్నట్టు. 1942 మార్చిలో హాలండ్‌లో పట్టుబడ్డ ఎస్‌ఓఈ ఆపరేటర్ హ్యూబ్ లావర్స్ ఆ గుర్తు లేకుండానే పంపాడు. లండన్ పట్టించుకోలేదు. ఆ తర్వాత దించిన ఏజెంట్లు ఒకరి వెంట ఒకరు నేరుగా జర్మన్ల చేతుల్లోకే దిగారు. ఫ్రాన్స్‌లో పనిచేసిన ఎస్‌ఓఈ ఆపరేటర్ నూర్ ఇనాయత్ ఖాన్ విషయంలో, ఆమె దాచుకున్న పాత సందేశాల నోటుబుక్కు జర్మన్లకు దొరికింది. దాన్ని పట్టుకుని ఆమె పేరుతో వాళ్లే లండన్‌తో మాట్లాడారు. కిశోర పాఠకులకు ఇది చేదుగా ఉంటుందని దాచేస్తుంటారు. దాచొద్దు. తాము చెప్పింది పెద్దవాళ్లు వినిపించుకోకపోవడం ఆ పాఠకులకు బాగా తెలిసిన సంగతే.

అపోహ: పదహారేళ్లవాళ్లను ఏజెంట్లుగా పారాచూట్‌తో దించేవారు.

వాస్తవం: ఫ్రాన్స్‌కి వెళ్లేనాటికి నూర్ వయసు 29. పదహారేళ్ల నాయిక కావాలంటే ఆమెను ఆ ఊరి పిల్లగానే ఉంచండి. ఉదాహరణలకు కొదవ లేదు. నెదర్లాండ్స్‌లో ఫ్రెడీ ఓవర్‌స్టేగన్ ప్రతిఘటనలో చేరింది 14 ఏళ్లకు. పారిస్‌లో చూపులేని జాక్ లుసేరాన్ 16 ఏళ్లకే తోటి విద్యార్థులతో రహస్య బృందం కట్టాడు. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ బడి కుర్రాళ్లు జర్మన్ల తుపాకులు దొంగిలించి 1942 మేలో అరెస్టయ్యారు.

అపోహ: దొంగ గుర్తింపు కార్డు ఒక్కటుంటే చాలు.

వాస్తవం: కార్డు బాగున్నా అలవాటు పట్టిస్తుంది. ఫ్రాన్స్‌లో 13 నుంచి 21 ఏళ్లలోపు వాళ్లది జె3 రేషన్ వర్గం. నాయిక చేతిలో పెద్దవాళ్ల 'ఎ' కార్డు పెడితే అక్కడే దొరికిపోతుంది. పొగాకు రేషన్ ఆడవాళ్లకు లేదు, కాబట్టి వీధిలో సిగరెట్ వెలిగించిన యువతిని జనం తిరిగి చూస్తారు. పాలు దొరకని కాఫీ హోటల్లో "పాలు లేకుండా" అని ప్రత్యేకంగా అడిగినా అంతే. పైగా గడియారాలు బెర్లిన్ సమయానికి తిప్పారు. జూన్‌లో పారిస్‌లో రాత్రి తొమ్మిదిన్నరకీ వెలుతురే. ఎనిమిదింటికి చీకట్లో నక్కి వెళ్లిందని రాస్తే కుదరదు.

అపోహ: పట్టుకునేవాళ్లంతా గెస్టపో (నాజీ రహస్య పోలీసులు).

వాస్తవం: సైనిక గూఢచార శాఖ అబ్వేర్ వేరు, నాజీ పార్టీ గూఢచార శాఖ ఎస్‌డీ వేరు. వాళ్ల మధ్య పోటీ కూడా ఉండేది. 1943 జనవరిలో ఏర్పడిన, జర్మన్లకు తోడ్పడ్డ సాయుధ దళం మిలీస్‌లో ఉన్నది ఫ్రెంచివాళ్లే. నాయికకు ఎక్కువ భయం వాళ్లతోనే ఉండాలి, ఎందుకంటే ఆమె యాసలో తేడా పసిగట్టేది వాళ్లే.

అపోహ: ఏజెంట్లను దించే విమానం అమావాస్య చీకట్లో వస్తుంది.

వాస్తవం: ఏజెంట్లను దించే చిన్న విమానం లైసాండర్. దాని పైలట్ ఒంటరిగా, మ్యాపు చూసుకుంటూ, నదుల మెరుపు గుర్తుపట్టుకుంటూ వస్తాడు. ఆయనకు వెన్నెల కావాలి. కింద కర్రలకు కట్టిన మూడు టార్చిలైట్లు 'ఎల్' ఆకారంలో ఉంటాయి, పొడుగు గీత సుమారు 140 మీటర్లు, పొట్టిది 45. విమానం దిగి, మనుషులు మారి, మళ్లీ లేచేది కొద్ది నిమిషాల్లోనే. నూర్ దిగింది 1943 జూన్ 16 రాత్రి, పున్నమి ఇంకో రెండు రోజులుందనగా. మీ కథకు తేదీ పెట్టేముందు ఆ ఏటి పున్నమిలన్నీ ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి.