పిన్ను పట్టినంత మాత్రాన పాట రాదు

కొత్త టాబ్లెట్లలో చాలావాటికి ఇయర్‌ఫోన్ జాక్ లేదు. ఛార్జింగుకీ, డేటాకీ, సౌండుకీ అన్నిటికీ కలిపి ఒకటే టైప్-సి పోర్టు. 2018లో ఐప్యాడ్ ప్రో టైప్-సికి మారినప్పుడే దాంట్లో 3.5 మిల్లీమీటర్ల జాక్ పోయింది. ఇటు చూస్తే మన ఇళ్లలో ఉన్నవి టేప్ రికార్డర్లు, డెక్కులు, ఎర్ర-తెల్ల పిన్నుల ఆంప్లిఫైయర్లు, ఇంకా పాతవైతే ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉన్న సెట్లు. వీటిని కలపడానికి ఏదైనా అడాప్టర్ ఇవ్వండి అని కొట్లో అడిగితే ఏదో ఒకటి ఇస్తారు, అది ఒక ఫోన్‌లో చక్కగా పాడుతుంది, టాబ్లెట్‌కి పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. అడాప్టర్ పాడైందనుకుంటాం గానీ చాలాసార్లు అది బాగానే ఉంటుంది. ఆ టాబ్లెట్‌కి కావలసిన రకం అది కాదు, అంతే.

టాబ్లెట్ లోపల పాట అంకెల రూపంలో ఉంటుంది. సీడీ నాణ్యత అంటే ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 అంకెలు, ఒక్కో అంకె 65,536 మెట్లలో ఏదో ఒకటి. ఆంప్లిఫైయర్‌కు ఈ అంకెలు పట్టవు, దానికి పైకీ కిందికీ ఊగే వోల్టేజి కావాలి. ఈ రెండింటి మధ్య దుబాసీ పని చేసే చిప్పే డాక్ (DAC). పాత జాక్ ఉన్నప్పుడు ఆ చిప్ నుంచి వచ్చే వోల్టేజి నేరుగా జాక్‌కే చేరేది కాబట్టి మనం దాని గురించి ఆలోచించే పనే పడలేదు. ఇప్పటికీ టాబ్లెట్ స్పీకర్ల కోసం లోపల ఒక డాక్ ఉంటుంది, కానీ దాని సౌండు చాలా మోడళ్లలో పోర్టు దాకా రాదు. పోర్టులోంచి బయటికొచ్చేవి అంకెలే, కాబట్టి చిప్ అడాప్టర్‌లో ఉండాలి.

మరి చిప్ లేని అడాప్టర్లు ఎందుకు అమ్ముతున్నారు? టైప్-సి పోర్టులో 24 పిన్నులుంటాయి. 2014లో వచ్చిన ఈ ప్రమాణంలో ఒక దగ్గరి దారి కూడా రాసి పెట్టారు. అడాప్టర్ తన రెండు సీసీ పిన్నులనూ (ఏం తగిలించామో పరికరం గుర్తుపట్టేది వీటితోనే) తక్కువ విలువ ఉన్న రెసిస్టర్లతో గ్రౌండుకు కలిపి ఉంచితే, పరికరం దాన్ని ఆడియో అడాప్టర్‌గా గుర్తించి, మామూలుగా యూఎస్‌బీ డేటా నడిచే రెండు తీగల మీదే ఎడమ, కుడి సౌండును వోల్టేజి రూపంలో పంపించవచ్చు. పంపించి తీరాలని మాత్రం లేదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు పంపిస్తాయి, ఐప్యాడ్లు పంపించవు. పైకి చూస్తే రెండు రకాల అడాప్టర్లూ ఒకేలా ఉంటాయి, కోఠి గుజరాతీ గల్లీలో పక్కపక్కనే వేలాడుతుంటాయి. ప్యాకెట్ మీద డాక్ అని రాసి ఉన్నదే తీసుకోండి. చిప్ ఉన్నది ఫోన్లకీ టాబ్లెట్లకీ దాదాపు అన్నిటికీ పనికొస్తుంది, చిప్ లేనిదానికి ఆ మాట చెప్పలేం.

టాబ్లెట్‌లోంచి ఆంప్‌కు పాట పంపడం సులువైన సగం. డాక్ అడాప్టర్, దానికి 3.5 నుంచి ఎర్ర-తెల్ల పిన్నుల వైరు, ఆ పిన్నులు ఆంప్ వెనక ఆక్స్ లేదా టేప్ ఇన్ అని ఉన్నచోట. టాబ్లెట్ వాల్యూమ్ బాగా పెంచి ఉంచి, వినడానికి ఎంత కావాలో ఆంప్ నాబ్‌తో తిప్పుకుంటే గుసగుసమనే శబ్దం తక్కువగా ఉంటుంది. ఫోనో అని రాసి ఉన్న చోట మాత్రం పెట్టకండి. అది గ్రామఫోన్ రికార్డు ప్లేయర్ కోసం. రికార్డు ప్లేయర్ సూది దగ్గర పుట్టేది సుమారు 5 మిల్లీవోల్టులే, పైగా రికార్డు చెక్కేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి చెక్కుతారు, 1954 నుంచి ఇందుకు ఆర్ఐఏఏ అనే ఒకే లెక్క ఉంది. ఫోనో ఇన్‌పుట్ ఆ సౌండును చాలా రెట్లు పెంచి, ఆ లెక్కను తిరగేస్తుంది. అక్కడ టాబ్లెట్ పెడితే వచ్చేది బొంగురు మోత.

అసలు కష్టం రెండో దిశలో, పాత టేపును టాబ్లెట్‌లోకి ఎక్కించడంలో ఉంది. నాకు పట్టింపు ఉన్నదీ దాని మీదే. సినిమా పాటల క్యాసెట్లకు తొందరేమీ లేదు, వాటిలో చాలావరకు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. కానీ తాతయ్య మాట్లాడిన టేపు, అక్క పెళ్లిలో పెద్దవాళ్లు పాడిన పాటలు, ఊళ్లో గుడి దగ్గర చెప్పిన హరికథ, ఇవి ప్రపంచం మొత్తం మీద మీ బీరువాలో ఉన్న ఆ ఒక్క క్యాసెట్‌లోనే ఉన్నాయి.

చాలామంది ఇక్కడ అదే ఇయర్‌ఫోన్ అడాప్టర్‌ను తీసుకుని, టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వైరు లాగి దాంట్లో గుచ్చుతారు. రికార్డింగ్ యాప్ తెరిస్తే టేపులోది కాకుండా గదిలోని ఫ్యాను మోత రికార్డవుతుంది. కారణం ఆ పిన్నులోనే ఉంది. మైకు ఉన్న ఇయర్‌ఫోన్ పిన్ను మీద నాలుగు భాగాలుంటాయి: ఎడమ, కుడి, గ్రౌండు, మైకు. మామూలు ఆడియో వైరు పిన్నుకు మూడే. ఆ మూడో భాగం పొడుగ్గా ఉండి సాకెట్ లోపల మైకు, గ్రౌండు రెండింటినీ కలిపేస్తుంది, దాంతో అడాప్టర్ దాన్ని మైకు లేని హెడ్‌ఫోన్ కింద లెక్కేస్తుంది, టాబ్లెట్ తన సొంత మైకునే వాడుకుంటుంది. నాలుగు భాగాల పిన్నుకు వైరు మార్చి పెట్టినా బాధ తీరదు. ఆ మైకు దారి ఒకే చానల్, అంటే స్టీరియో పోతుంది. అది మిల్లీవోల్టుల సౌండు కోసం చేసినది, టేప్ డెక్ లైన్ అవుట్ (ఆంప్‌కు సౌండు పంపే సాకెట్) నుంచి వచ్చేది సుమారు 0.3 వోల్టు, వందరెట్ల తేడా ఉండొచ్చు. గొంతు చిట్లిపోయి వస్తుంది.

కావలసింది లైన్ ఇన్ (ఆ స్థాయి సౌండును తీసుకునే సాకెట్) ఉన్న, రెండు చానళ్ల యూఎస్‌బీ సౌండ్ కార్డు. చవగ్గా దొరికే బుల్లి సౌండ్ కార్డుల్లో గులాబీ రంగు రంధ్రం సాధారణంగా మైకుదే, కాబట్టి లైన్ ఇన్ అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. ఇంట్లో ఇప్పటికే పాత ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే రికార్డింగ్ కోసం వాడే సౌండ్ కార్డు పెట్టె, ఉంటే అదీ పనికిరావచ్చు. యూఎస్‌బీ ఆడియోకు 1998లోనే ఉమ్మడి నియమాలు రాశారు, 2006లో రెండో రూపం వచ్చింది. ఆ నియమాలు పాటించే పెట్టెను టైప్-సి వైరుతో కలపగానే టాబ్లెట్ గుర్తుపడుతుంది. తన సొంత డ్రైవర్ సీడీతో వచ్చిన పెట్టె అయితే టాబ్లెట్‌తో దాదాపు కుదరదు, వైరు ఎంత బాగా సరిపోయినా సరే. ఇంకోటి, కరెంటు. పాత యూఎస్‌బీ లెక్కలో పరికరం 500 మిల్లీఆంపియర్లు తీసుకోవచ్చు, అంత ఇవ్వలేని టాబ్లెట్ ఉంటే పెట్టె వెలిగి ఆరిపోతుంటుంది, అప్పుడు విడిగా కరెంటు తీసుకునే హబ్ మధ్యలో పెట్టాలి.

ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉన్న టేప్ రికార్డర్‌కైతే రెడీమేడ్ వైరు దొరుకుతుంది. సొంతంగా సోల్డర్ చేసుకునేవాళ్లకు: మధ్య పిన్ను గ్రౌండు, 3, 5 నంబర్లవి వినిపించేవి, 1, 4 రికార్డింగువి. రికార్డింగులో బుయ్యిమని 50 హెర్ట్జ్ మోత వస్తుంటే ముందు టాబ్లెట్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు అక్కడితో పోతుంది.

ఇంత చేసినా టేప్ రికార్డర్ హెడ్, అంటే టేపును తాకుతూ సౌండును చదివే భాగం, సరిగా లేకపోతే అంతా వృథా. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. ఇంత నెమ్మది వేగంలో ట్రెబుల్ అలలు టేపు మీద చాలా దగ్గరదగ్గరగా పడతాయి కాబట్టి హెడ్ రవ్వంత వంగినా అవి ఒకదాన్నొకటి చంపేసుకుని మాట మందంగా, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది, వింటూ దాన్ని కొద్దికొద్దిగా తిప్పితే స, శ అక్షరాలు తేటపడే చోటు తెలుస్తుంది. ఒక్కో క్యాసెట్ ఒక్కో మిషన్ మీద రికార్డయి ఉంటుంది కాబట్టి క్యాసెట్ మారినప్పుడల్లా ఇది చూసుకోవాలి. రికార్డయ్యేటప్పుడే పోయిన ట్రెబుల్‌ను తర్వాత ఏ యాప్ తెచ్చిపెట్టలేదు. లెవెల్ మీటరు మాత్రం ఎప్పుడూ పైకి తగలకుండా మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా ఉంచి, మొదటి కాపీని కుదించని వేవ్ (WAV) ఫైలుగానే దాచండి, ఎంపీ3 చేసుకోవడం తర్వాత ఎప్పుడైనా కుదురుతుంది. స్టీరియోలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, 90 నిమిషాల క్యాసెట్ రెండు వైపులా కలిపి ఒక జీబీ లోపే. రెండు వేర్వేరు చోట్ల కాపీ పెట్టుకోండి, ఫైలు పేరులోనే ఎవరి గొంతో, ఏ ఊరో, ఏ సంవత్సరమో రాసేయండి, ఆ గొంతును గుర్తుపట్టేవాళ్లు ఇంట్లో ఉండగానే.