నాలుగింటికి లేపితే సింధు అయిపోరు: స్టార్ ఆటగాళ్లు, మన పిల్లలు (అపోహలు - వాస్తవాలు)

మనవాళ్లెవరైనా పతకం తెచ్చారంటే మర్నాటి నుంచి అకాడమీ గేటు దగ్గర అవే ప్రశ్నలు. 2016లో రియో ఒలింపిక్స్ తర్వాత ఇవే, 2019లో బాసెల్ ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ తర్వాత ఇవే. "సింధు నాలుగింటికే లేచేదట కదా సార్, మా పాపనూ లేపుతున్నాం." "మావాడు బుమ్రా యాక్షన్ అచ్చం దింపేశాడు, ఒకసారి చూడండి." స్టార్‌ను ఆదర్శంగా పెట్టుకోవడంలో తప్పు లేదు, వాళ్లను టీవీలో చూసే చాలామంది పిల్లలు మొదటిసారి రాకెట్ పడతారు. చిక్కంతా పాతికేళ్ల మనిషి దినచర్యను పదకొండేళ్ల ఒంటి మీద రుద్దడంలో ఉంది.

అపోహ: స్టార్ ఎన్ని గంటలు సాధన చేస్తే మా పిల్లలూ అన్ని గంటలు చేయాలి

ఎక్కువమంది పిల్లల ఆట ఆగిపోయేది ఇక్కడే. అందుకే మిగతావాటికంటే దీని గురించే ఎక్కువ చెప్తాను.

ముందు నిద్ర లెక్క చూడండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9-12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8-10 గంటలు కావాలి. పదకొండేళ్ల పాప నాలుగింటికి లేవాలంటే ఆలస్యమైనా రాత్రి ఏడింటికల్లా పడుకోవాలి. ట్యూషన్ వదిలేదే ఎనిమిదిన్నరకు. అన్నం తిని, హోంవర్క్ ముగించి మంచమెక్కేసరికి పది. అంటే ఆరు గంటల నిద్ర. ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలో, పొద్దున నేర్చుకున్న ఫుట్‌వర్క్ మెదడులో కుదురుకునేదీ నిద్రలోనే. ఆ నిద్రనే కోసేసి ఇంకో రెండు గంటలు కోర్టులో నిలబెడితే ఒరిగేదేమీ ఉండదు.

ఇక సాధన గంటలు. క్రీడా వైద్యులు చెప్పే మోటు లెక్క ఒకటుంది: పిల్లల వయసెంతో, వారానికి సాధన అన్ని గంటలకు మించకూడదు. పదకొండేళ్లకు పదకొండు గంటలు. పొద్దున రెండు, సాయంత్రం రెండు, వారానికి ఆరు రోజులంటే 24 గంటలు, రెండింతలు దాటిపోయింది. వారంలో ఒకటి రెండు రోజులు ఆటకు పూర్తిగా సెలవివ్వాలి. ఏడాదిలో మూడు నెలలు, నెల చొప్పున విడగొట్టినా సరే, ఆ ఒక్క ఆట ఆపి ఈతో, పరుగో, కబడ్డీయో ఆడనివ్వాలి.

ఇవి దాటితే ఏమవుతుంది? పిల్లల ఎముకల చివర ఎదిగే పొర ఇంకా మెత్తగా ఉంటుంది. పొడుగు సాగే వయసులో ఎముక ముందు పెరుగుతుంది, కండరం వెనకపడుతుంది. బిగుసుకున్న కండరం ఆ మెత్తటి చోటును ప్రతి గెంతుకూ లాగుతుంది. మోకాలి చిప్ప కింద బొడిపెలా లేచి నొప్పి వస్తే అది చాలాసార్లు ఆస్‌గుడ్-ష్లాటర్, మడమ వెనక నొప్పయితే సీవర్స్. రెండూ తగ్గేవే, కంగారు పడకండి. తగ్గేది మాత్రం గెంతులు తగ్గిస్తేనే, స్ప్రే కొట్టి మ్యాచ్ ఆడిస్తే కాదు.

నెలకోసారి పిల్లల్ని గోడకు ఆనించి నిలబెట్టి తల దగ్గర గీత గీయండి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటి పెరిగారంటే పొడుగు సాగే దశ నడుస్తోందన్నమాట. ఆ కొన్ని నెలలు జంప్ స్మాష్‌లు, స్కిప్పింగ్, ఒక కాలు ముందుకు సాచి వంగే కదలికలు (లంజెస్) తగ్గించమని కోచ్‌కు చెప్పండి. నెట్ దగ్గర టచ్, సర్వీస్, డిఫెన్స్ నేర్చుకోవడానికి అదే మంచి సమయం. ఆడిన మర్నాడు పొద్దున కూడా నొప్పి ఉన్నా, కుంటుతున్నా, నొప్పికి రాత్రి మెలకువ వస్తున్నా ఆట ఆపి డాక్టర్‌కు చూపించాలి. "నొప్పి ఓర్చుకుంటేనే ఛాంపియన్" అనే మాట ఎవరు పుట్టించారో గానీ, దాన్ని పిల్లల ముందు అనకండి.

సింధు కథలో నాలుగు గంటల అలారం ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యుడు, అర్జున అవార్డు గ్రహీత. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. ఒంటి మీద పడే భారం ఎంతో తెలిసినవాళ్లు ఇంట్లోనే ఇద్దరున్నారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆమెకు 2013, 2014లో కాంస్యాలు, 2017, 2018లో రజతాలు వచ్చాయి. స్వర్ణం వచ్చింది 2019లో. మొదటి పతకం నుంచి బంగారానికి ఆరేళ్లు! రెండేళ్లు వరసగా ఫైనల్లో ఓడి మళ్లీ ఫైనల్ దాకా వచ్చిన ఆ ఓపికను పిల్లలకు చూపించండి. అలాగే రియోకు ముందు మూడు నెలలు కోచ్ గోపీచంద్ ఆమె ఫోన్ తీసేసుకున్నారు. దీన్ని పిల్లల చేత నిరభ్యంతరంగా కాపీ కొట్టించొచ్చు, ఎందుకో ఇది మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: స్టార్ యాక్షన్, స్టార్ రాకెట్ ఉంటే ఆట వచ్చేస్తుంది

బుమ్రా యాక్షన్ బుమ్రా మోచేతికి, భుజానికి కుదిరింది. పన్నెండేళ్ల వెన్ను దాన్ని మోయలేదు. ఆయనకే 2019లో వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ అయింది, వెన్ను సమస్యతోనే 2022 టీ20 ప్రపంచకప్‌కు దూరమయ్యారు, 2023లో సర్జరీ చేయించుకున్నారు. చుట్టూ ఫిజియోలున్న మనిషి పరిస్థితే అది. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు పాటించే లెక్కలో అండర్-13 పేసర్‌కు ఒక స్పెల్ (విరామం లేకుండా వేసేది) 5 ఓవర్లు, రోజుకు 10 ఓవర్లే. ఒక స్పెల్లో ఎన్ని ఓవర్లు వేస్తే అదే ఎండ్ నుంచి మళ్లీ అన్ని ఓవర్లు పడేదాకా బంతి పట్టకూడదు. నెట్స్‌లో పూటకు 30 బంతులు. మన దగ్గర ఆదివారం రెండు మ్యాచ్‌లు, సోమవారం నెట్స్, లెక్క రాసేవాడే ఉండడు. బంతి వేసేటప్పుడు నడుము కింద ఒకవైపు నొప్పి రెండు వారాలైనా తగ్గకపోతే ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి. మొదట్లో పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరమా అని అడగండి.

రాకెట్ సంగతికొస్తే, టాప్ ఆటగాళ్లు 28 పౌండ్లు, ఆపైన బిగువుతో గట్టింగ్ (రాకెట్ తీగలు) వేయిస్తారు. పిల్లలకు 18 నుంచి 22 చాలు. గట్టింగ్ బిగిసేకొద్దీ షటిల్ సరిగ్గా తగలాల్సిన ఆ నడిమి చోటు (స్వీట్ స్పాట్) చిన్నదవుతుంది, షటిల్ పక్కకు తగిలిన ప్రతిసారీ అదురు మోచేతికి ఎక్కుతుంది. తల బరువు ఎక్కువగా, కర్ర బిరుసుగా ఉండే స్మాష్ రాకెట్లు వద్దు. మిగిలిన డబ్బుతో గమ్ సోల్ ఉన్న నాన్-మార్కింగ్ షూ కొనండి. రన్నింగ్ షూతో కోర్టులో పక్కకు కదిలితే చీలమండ మడతపడుతుంది.

అపోహ: చదువు మానేస్తేనే స్టార్ అవుతారు

సచిన్ పేరు చెప్తారు. కుంబ్లే మెకానికల్ ఇంజనీర్, అశ్విన్ బీటెక్, సింధు ఎంబీఏ. వీళ్ల పేర్లు ఎవరూ ఎత్తరు. పది, పన్నెండు బోర్డు పరీక్షలు జాతీయ, అంతర్జాతీయ పోటీలతో ఢీకొంటే సీబీఎస్ఈ వేరే తేదీన పరీక్ష రాసే అవకాశం ఇస్తుంది. స్కూలు ద్వారా ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి.

అపోహ: స్టార్ తప్పు చేస్తే పిల్లలు చెడిపోతారు, అసలు ఎవర్నీ అభిమానించనివ్వకూడదు

వార్నర్‌నే తీసుకోండి. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్, తెలుగు పాటలకు స్టెప్పులేసి మన ఇళ్లలో మనిషైపోయాడు. 2018 మార్చిలో కేప్‌టౌన్‌లో బంతిని గరుకు కాగితంతో రుద్దిన వ్యవహారంలో ఏడాది నిషేధం పడింది. 2019లో తిరిగొచ్చి ఐపీఎల్‌లో 692 పరుగులు కొట్టాడు. పిల్లలు దీన్నెలా అర్థం చేసుకుంటారోనని బెంగపడే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కానీ పోస్టర్ చింపేయక్కర్లేదు, వెనకేసుకురావక్కర్లేదు. "బ్యాటింగ్ గొప్పది, ఆ రోజు చేసింది మోసం, దానికి శిక్ష పడింది, శిక్ష అయ్యాక మళ్లీ ఆడాడు" అని వరసలో చెప్పండి. పదేళ్ల పిల్లలకు ఇది బాగానే అర్థమవుతుంది. "అందరూ చేస్తారులే" అన్న మాట మాత్రం అనొద్దు. రేపు మీవాడు లైన్ మీద పడిన షటిల్‌ను అవుట్ అంటాడు.

అపోహ: స్టార్ ప్రకటనలో తాగేదే ఒంటికి మంచిది

2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాక గోపీచంద్ కోలా ప్రకటనను కాదన్నారు. 300 మిల్లీలీటర్ల కోలాలో చక్కెర 30 గ్రాములకు పైనే. గంటలోపు ఆటకు మంచినీళ్లు చాలు. ప్రోటీన్ పౌడర్ ఊసు కూడా వద్దు: 35 కిలోల పిల్లాడికి రోజుకు సుమారు 45 గ్రాముల ప్రోటీన్ కావాలి. రెండు గుడ్లలో 12, అరలీటరు పాలలో 16, రెండు కప్పుల చిక్కటి పప్పులో 15 దాకా వస్తాయి, మిగిలింది అన్నం, చపాతీ చూసుకుంటాయి.

పౌడర్‌తో ఖర్చు ఒక్కటే కాదు, డోపింగ్ ప్రమాదమూ ఉంది. డబ్బా మీద రాయని పదార్థం లోపల ఉండొచ్చు, శాంపిల్‌లో దొరికితే బాధ్యత ఆడినవాళ్లదే. మందులైనా అంతే. 2019లో క్రికెటర్ పృథ్వీ షాకు ఎనిమిది నెలల నిషేధం పడింది టెర్బుటలిన్ వల్ల. దగ్గు సిరప్‌లలో మామూలుగా ఉండేదే అది, ఆయన తెలియక తీసుకున్నారని బీసీసీఐ కూడా చెప్పింది. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితా ఏటా జనవరి 1 నుంచి మారుతుంది. అందుకే రాష్ట్రస్థాయి దాటి ఆడే పిల్లలకు జలుబు, దగ్గు, ఆస్తమా మందు ఏది రాసినా, పోటీల్లో ఆడతారని డాక్టర్‌కు ముందే చెప్పండి. నిషేధిత మందు తప్పదంటే టీయూఈ అనుమతికి (వైద్య అవసరం కోసం ఇచ్చే మినహాయింపు) దరఖాస్తు చేయాలి. మందు చీటీ, బిల్లు, బ్యాచ్ నంబరు కనిపించేలా తీసిన డబ్బా ఫోటో, ఈ మూడూ మీ ఫోన్‌లో ఉంచుకోండి.