ఒక్కో జబ్బుకు ఒక్కో గడువు

గుంటూరు కొత్తపేటలో గానీ, విజయవాడ సూర్యారావుపేటలో గానీ ఏ ఆసుపత్రి వరండాలో కూర్చున్నా ఈ మాట వినపడుతుంది: "మా బావకీ పక్షవాతమేనండీ, వారంలో లేచి తిరిగాడు. మరి ఈయనకేంటి ఇలా?" జబ్బు పేరు ఒకటైతే ఫలితమూ ఒకటే కావాలని మన ఆశ. వయసు, షుగర్, బీపీ, పొగతాగే అలవాటు, పుట్టుకతో వచ్చిన జన్యువులు అన్నీ తేడా తెస్తాయి, నిజమే. కానీ మనిషి మంచం పట్టిన రోజున వాటిలో దేన్నీ మార్చలేం. చేతిలో మిగిలేది కాలం ఒక్కటే. ఆ కాలం కూడా అన్ని జబ్బులకూ ఒకలా ఉండదు.

పక్షవాతంలో నిమిషాల లెక్క. మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదీ సీటీ స్కాన్ చూశాకే. నాళం మూసుకుపోయినా, చిట్లినా పైకి లక్షణాలు ఒకేలా ఉంటాయి. చిట్లిన మనిషికి అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే దగ్గర్లో ఉన్న ఆసుపత్రి కన్నా రాత్రిపూట కూడా స్కాన్ తీసే ఆసుపత్రి ముఖ్యం. రేపల్లె వైపు మూతి వంకరపోయిన మనిషిని ముందు ఆర్‌ఎంపీకి చూపించి, ఆయనిచ్చిన బీపీ మాత్ర వేసి, దారిలో ఇంకో రెండు చోట్ల ఆగి గుంటూరు చేర్చేసరికి గడువు కాస్తా అయిపోతుంది.

ఇంకో చిక్కుంది. గడువు ఎప్పటినుంచి మొదలు? రాత్రి పదింటికి మామూలుగా పడుకున్న మనిషికి తెల్లవారుజామున ఐదింటికి చెయ్యి లేవకపోతే, లెక్క పదింటి నుంచే వేస్తారు. "ఆఖరుసారి బాగున్నప్పుడు ఎవరు చూశారు, ఎన్నింటికి?" అని డాక్టర్ గుచ్చిగుచ్చి అడిగేది అందుకే. ఇలాంటి వారిలో కొందరికి, మెదడులో కాపాడుకోదగ్గ భాగం ఇంకా ఉందని స్కాన్‌లో తేలితే, 24 గంటల వరకు కూడా సన్నని గొట్టంతో గడ్డను బయటికి లాగవచ్చని 2018లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. అందరికీ వీలు కాదు, అన్నిచోట్లా దొరకదు. ఇక మూతి వంకరపోయి అరగంటలో సర్దుకుంటే "ఏదో గాలి సోకింది, పోయింది" అని ఊరుకునేవాళ్లున్నారు. అసలు పక్షవాతం వచ్చే ముప్పు ఆ తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ.

గుండెపోటుకూ గంటల లెక్కే గానీ, అక్కడ షుగర్ మోసం చేస్తుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని, ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. చెమటలు, ఆయాసం, కడుపులో ఏదో ఇబ్బంది. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు.

టీబీకి నెలల గడువు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీకి దగ్గు వస్తే, ఘాటు వల్లే అనుకుంటాడు. అలా అనుకోవడంలో అతని తప్పేమీ లేదు, అక్కడ అందరూ దగ్గుతారు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలన్న సంగతి మాత్రం అక్కడ మరుగున పడిపోతుంది. మందులు ఉచితం, మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒంట్లో కాస్త ఓపిక రాగానే కూలి పిలుస్తుంది, మాత్రలు ఆగిపోతాయి. అతను తినే తిండి కూడా ఫలితాన్ని మారుస్తుంది. జార్ఖండ్‌లో టీబీ రోగులకు నెలకు 10 కిలోల ఆహారం ఇచ్చి చూసిన అధ్యయనం 2023లో వెలువడింది. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారిలో మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. కోలుకుంటున్నవాళ్లే బరువు పెరిగి ఉండొచ్చు కదా అని అడగొచ్చు, అడగాల్సిందే. అయినా సన్నగా చిక్కిపోయిన మనిషికి మాత్రలతో పాటు పప్పు, గుడ్డు కూడా రాయాలన్న వాదనకు ఇది గట్టి బలం. కేంద్రం టీబీ రోగులకు పోషకాహారం కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరులో 1000 చేసింది. ఆ డబ్బుకు నెలకు ఎన్ని గుడ్లు వస్తాయో మీరే లెక్కేసుకోండి.

తొందరగా కనిపెట్టడమే ఎప్పుడూ మేలనుకుంటే థైరాయిడ్ క్యాన్సర్ ఎదురు చెబుతుంది. దక్షిణ కొరియాలో స్కానింగ్ పరీక్షలు విరివిగా చేయడంతో 1993తో పోలిస్తే 2011 నాటికి ఈ క్యాన్సర్ కేసులు 15 రెట్లు అయ్యాయి. మరణాలు మాత్రం తగ్గలేదు. కొత్తగా బయటపడ్డవాటిలో చాలావరకు ఎప్పటికీ హాని చేయని చిన్న గడ్డలు. వాటికీ ఆపరేషన్లు చేశారు. "దొరికిన కేసుల్లో ఇంతమంది బతికారు" అన్న శాతం మాత్రం బ్రహ్మాండంగా పెరిగింది.

శాతాల గురించి ఇదొక్కటీ చెప్పాలి. "పెద్దాసుపత్రికి తీసుకెళ్తే బతకరు" అని మన వైపు ఒక మాట ఉంది. ఎక్కడెక్కడో తిరిగి, చేతిలో డబ్బు అయిపోయి, ఒళ్లు కూడా అలిసిపోయాక ఆఖరున ప్రభుత్వాసుపత్రికి చేరేవారు ఎందరో. అంతా చేయిదాటాక వచ్చినవారిని, జబ్బు మొదలైన రోజే నడిచొచ్చి చేరినవారిని ఒకే గాటన కడితే ఏ ఆసుపత్రికైనా చెడ్డపేరే వస్తుంది. అందుకే వైద్య పరిశోధకులు ఆసుపత్రులను పోల్చేముందు రోగి వయసు, మిగతా జబ్బులు, చేరినప్పుడు పరిస్థితి ఎంత విషమంగా ఉందన్నది లెక్కలోకి తీసుకుంటారు. విజయవాడ బెంజి సర్కిల్ హోర్డింగుల మీద రాసే సక్సెస్ రేటు పక్కన ఆ లెక్క ఉండదు.